ఖాళీ కంచానికి టిక్కు

ఏడో తరగతి పిల్ల మెట్ల మీద కుప్పకూలిన రోజున కూడా లెక్కల టీచరు ఆమె పేరు ఎదురుగా టిక్కు పెట్టింది. ఆ రోజుతోనే ఆ పిల్ల బడి మానేసింది.

భోజనాల గదిలో పద్ధతి ఒకటే. కంచం ఖాళీగా తిరిగొస్తే టిక్కు. వారం చివర ఆ టిక్కుల చీటీ ఇంటికి వెళ్తుంది. టీచరు కంచాలు చూసేది, మొహాలు కాదు. ఆ పిల్ల కంచం ఎప్పుడూ కడిగినట్టు ఉండేది. అందరి ముందూ రెండుసార్లు మెచ్చుకుంది కూడా.

అసలు సంగతి తర్వాత వంటావిడ చెప్పింది. ఆ కుటుంబం వేరే దేశం నుంచి వచ్చింది. ఒంటి రంగు వేరు. పిల్ల ముట్టుకున్న గరిటెను అదే బల్ల దగ్గర కూర్చునే నలుగురు అమ్మాయిలు రుమాలుతో తుడిస్తే గాని పట్టుకునేవారు కాదట. మీ జనం మా తిండి తినడానికే వచ్చారని రోజూ దెప్పేవారట. పిల్లకు రోషం వచ్చింది. తినడం మానేసి, తన వాటా వాళ్ళ కంచాల్లోకే తోసేసేది. గరిటె తుడిచిన ఆ నలుగురూ ఆ తిండిని మాత్రం ఏమీ తుడవకుండానే తిన్నారు.

పుస్తకాల సంచీ కోసం పిల్ల తల్లి వచ్చింది. ఆస్పత్రిలో బట్టలుతికే మనిషి. చీటీలన్నీ మడతపెట్టి దాచుకుంది.

"ఇంట్లో ముద్ద ముట్టేది కాదు టీచరుగారూ. బడిలో కడుపునిండా తిన్నానమ్మా అనేది. దాని ఎముకలు నా చేతికి తగులుతూనే ఉన్నాయి. అయినా మీ చీటీనే నమ్మాను."

టీచరు నేరుగా హెడ్‌మాస్టరు గదికి వెళ్ళింది.

పిల్లలన్నాక ఏదో అనుకుంటారని, నీరసం వల్ల పడిపోయిందని రిపోర్టు రాసెయ్యమని ఆయన అన్నాడు.

"నీరసం కాదండీ, అవమానం. తుడిచిన గరిటె గురించి రాస్తాను. టిక్కులు పెట్టింది నేనేనని కూడా రాస్తాను."

"మీరే ఇరుక్కుంటారు."

"ఇరుక్కోవాల్సిందే."

అన్నట్టే రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. నెల దాటింది. కాగితం ఆయన సొరుగులోనే ఉంది. ఆ నలుగురూ అదే బల్ల దగ్గర తింటున్నారు. వాళ్ళను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. ముందు కాగితం కదలనీ అనుకుంటూ, టీచరు కూడా అడగలేదు.