కాన్రాడ్ బొటనవేలు

మా ఆయన కాన్రాడ్ బొటనవేలంటే లాంకాస్టర్ కొండల్లో తుపాకీ పట్టే ప్రతివాడికీ గురి. నాకు మాత్రం ఒళ్ళుమంట. చెక్క తొలిచే బరమా తిప్పి తిప్పి భుజాలు పడిపోయేది నాకు, పేరొచ్చేది ఆ వేలికి!

తుపాకీలోకి మందూ గుండూ దట్టించే కర్ర ఉంటుంది కదా, అది దూరి కూర్చోడానికి కొయ్యలో, గొట్టం కింద, పొడవాటి రంధ్రం తొలవాలి. బరమా పైకి పోతే గొట్టం గాడిలోకి పొడుచుకొస్తుంది, కిందికి పోతే కొయ్య పొట్ట చిల్లుపడుతుంది. రెండువైపులా ఉండేది నాణెం మందం చెక్క. లోపల ఏం జరుగుతోందో ఎవరికి కనిపిస్తుంది? నేను తిప్పుతుంటే ఆయన కొయ్య కింద బొటనవేలు ఆనించి, వేడినీ అదురునీ బట్టి "ఎత్తు", "దించు" అంటాడు. మాకు తిండి పెట్టేది ఆ వేలే. అది మొరాయిస్తే కొట్టు మూసుకోవాల్సిందే.

ఆ రోజు మెల్కియర్ మాతో చేయించుకుంటున్న తుపాకీ పని. మనిషి నెలాఖరుకి బండ్లతో కొండలు దాటి పోతున్నాడు. ఏడేళ్ళు ఆరిన పులిచారల మేపుల్ చెక్క, అలాంటివి మా దగ్గర రెండే మిగిలాయి. పొద్దున్నే మా ఇద్దరికీ గొడవ. పులిసిన క్యాబేజీ జాడీకి మూత పెట్టలేదు మహానుభావుడు, అందులో ఎలుక పడింది. ఆ కోపంలో బరమా గిరగిరా తిప్పేస్తున్నాను.

"ఎలుక్కున్న బుద్ధి కూడా లేదయ్యా నీకు!"

"దానికి బుద్ధుంటే నీ క్యాబేజీ తింటుందటే?"

నేను ఇంకేదో అనబోయాను. చటుక్కున బరమా తేలికైంది. ఆ వెంటనే మెత్తగా దేంట్లోకో దిగింది. నేల మీద చెక్క పొట్టు ఎర్రబడుతోంది.

"ఆపావేం? తిప్పు," అన్నాడు.

వంగి చూశాను. అమ్మో! బరమా మొన కొయ్యను పొడుచుకుని వచ్చి ఆయన బొటనవేల్లో దిగబడి ఉంది. ఆయనేమో తాపీగా నా మొహం చూస్తున్నాడు.

"నీ వేలయ్యా! నీ వేలు!"

అప్పుడు చూసుకున్నాడు. కెవ్వున అరుస్తాడనుకుంటే, దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు.

వేలికి గుడ్డ చుట్టాను. "నొప్పి లేదా?" అన్నాను.

"పోయిన చలికాలం నుంచీ దానికి స్పర్శే లేదే."

ఈలోగా ఆరు తుపాకులు చేశాం. ఆరూ తిన్నగానే వచ్చాయి!

"మరి ఎత్తూ దించూ ఎట్లా చెప్పావు?"

"బరమా దారి తప్పబోయే ముందు నీ చెయ్యి నిదానిస్తుంది. నువ్వెటు మొగ్గితే ఆ మాటే అనేవాణ్ణి. ఇవాళ కోపంలో నువ్వు నిదానించలేదు."

నాకే తెలియకుండా, ఏడాదిగా ఆ వేలు నేనా! ఏడుపొచ్చింది. దాని వెనకే పీక పిసకాలన్నంత కోపం కూడా వచ్చింది.

రెండో చెక్క బిగించాను. "ఇక ఎత్తూ దించూ అనను," అన్నాడు నెమ్మదిగా. నేనే తిప్పాను, తోచినచోట ఆగాను, ఎత్తాను, దించాను. మధ్యాహ్నం దాటాక బరమా అడుగు తాకింది.

సాయంత్రం మెల్కియర్ చూసిపోదామని వచ్చాడు. కర్ర దూర్చాడు. అది సాఫీగా చివరికంటా వెళ్ళింది. "వేలంటే నీదేనయ్యా, కాన్రాడ్!" అన్నాడు.

నేను మా ఆయనకి కళ్ళతోనే సైగ చేశాను, నోరు మూసుకోమని. ఈ సంగతి పొక్కితే మా గడప తొక్కేదెవరు?

కాన్రాడ్ కట్టు విప్పి ఆ వేలు చూపించాడు. "ఇది చచ్చి ఏడాదైంది. ఈ రంధ్రం నాది కాదు, మా ఆవిడ అపొలోనియాది. మీ తమ్ముడి తుపాకీలోదీ దీనిదే."

మెల్కియర్ నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

"నీకేమైనా మతి పోయిందా? మన తిండి నడివీధిలో పారేశావు గదయ్యా!" అన్నాను.

"అది ఎవరి కష్టంతో వచ్చిన తిండో వీధికి కూడా తెలియనీ," అన్నాడు.