మొదటి ఖాతా

ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా మొదటి చెయ్యి అన్నదమ్ముల్లో పెద్దాయనది పడాల్సిందే. కొత్త వ్యాను కొంటే మొదట స్టీరింగు పట్టుకునేది ఆయనే, నడపడం రాకపోయినా సరే. కొత్త మెషిన్ దిగితే మొదట స్విచ్ నొక్కేది ఆయనే. ఆఖరికి ఆఫీసు గదిలోకి కుర్చీ వచ్చినా ఆయన ఓసారి కూర్చుని లేచాకే మిగతావాళ్ళు దానివైపు చూడాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపే ఆ లాండ్రీలో బాయిలర్ ఎంత పాతదో ఇదీ అంత పాతది. పెళ్ళయిన కొత్తలో చిన్నకోడలికి ఇది ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

లాండ్రీ అంటే వీధి మలుపులో ఇస్త్రీ బల్ల అనుకునేరు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తలగడ గలీబులు వ్యాన్ల నిండా వస్తాయి. మనిషి దూరేంత డ్రమ్ముల్లో తిరుగుతాయి. ఆవిరి ప్రెస్సుల కింద నలిగి అట్టల్లా బయటికొస్తాయి. ఆ హోరులో పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. డ్రైవరు చెప్పింది ప్యాకింగ్ వాళ్ళకి చేరదు, సాయంత్రం షిఫ్టు వాళ్ళు చూసింది పొద్దున షిఫ్టు వాళ్ళకి తెలియదు. ఫోన్లలో ఎవరికి తోచిన గ్రూపు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకదాంట్లో పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒకదాంట్లో పిల్లి వీడియోలు, వాటి మధ్య ఎక్కడో "ఆసుపత్రి దుప్పట్లు ఈరోజే కావాలట" అన్న ముక్క. అది కంటపడేసరికి ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి తిట్టడం కూడా అయిపోయేది.

ప్రెస్సుల సెక్షన్ చూసే పెద్దకోడలు, అంటే పెద్దాయన భార్య, మాత్రం తన పాత పద్ధతి వదల్లేదు. ఏ ప్రెస్సుకైనా జబ్బు చేస్తే సుద్దముక్క తీసి దాని మూత మీద పెద్ద ఇంటూ గుర్తు గీసేది. అంతే, ఎవరూ దాని జోలికి వెళ్ళేవారు కాదు.

చిన్నకోడలు పెళ్ళికి ముందు కంప్యూటర్ సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసింది. ఇక్కడికొచ్చాక ఆ చదువంతా ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగడానికే సరిపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అంది.

"మనకంటూ సొంతంగా ఒక చాట్ పెట్టుకుందాం బావగారూ. ఓపెన్ సోర్స్‌ది ఉంది. ఊరికే వస్తుంది. సర్వర్ ఒకటి అద్దెకి తీసుకుంటే చాలు, ఇన్‌స్టాల్ చేయడం నేను చూసుకుంటాను."

"ఊరికే ఎవరిస్తారమ్మా?" అన్నాడు పెద్దాయన, నమలడం ఆపకుండానే. "ఊరికే ఇచ్చారంటే అందులో ఏదో లోపం ఉండే ఉంటుంది."

"లోపం ఉంటే దాచలేరండీ. దాన్ని ఎలా రాశారో మొత్తం బయటే పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు."

"ఎవరైనా చూసేదాంట్లో మన ఇంటి సంగతులా?"

"చూసేది అది ఎలా కట్టారన్నది. మనం రాసుకునేవి మన సర్వర్లోనే ఉంటాయి."

పెద్దాయన తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు గ్లాసువైపు చూశాడు. చిన్నకోడలి భర్తకి భార్య మాట నిజమని తెలిసినప్పుడల్లా దాహం వేస్తుంది. చివరికి పెద్దకోడలే, "పోనీ, సరదా పడుతోంది, పెట్టనివ్వండి," అని మాట కలిపితే పని ముందుకు సాగింది.

మేడ మీద ఆఫీసు గదిలో ఆ పని పెట్టుకుంది చిన్నకోడలు. కింద డ్రమ్ములు తిరుగుతుంటే బల్ల మీద టీ గ్లాసు తనంతట తానే జరుగుతూ ఉండేది. అద్దెకి తీసుకున్న సర్వర్లోకి వెళ్ళి, సాఫ్ట్‌వేర్ దింపుకుని, డేటాబేస్ తెరిచి, లాండ్రీ పేరున ఒక వెబ్ చిరునామా కట్టింది. సెట్టింగుల ఫైల్లో ఒకచోట అక్షరాల మధ్య ఒక ఖాళీ తక్కువ పెట్టిందట, దానికే తెర నిండా ఎర్రటి అక్షరాలు. ఆ ఖాళీ దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా చాలాకాలం తర్వాత తన పని తను చేసుకుంటున్న సంతోషంలో ఆమెకి ఆకలి కూడా గుర్తు రాలేదు. చివరికి బ్రౌజర్లో చిరునామా పక్కన తాళం బొమ్మ పడింది, తెల్లటి పేజీ తెరుచుకుంది. మొదటి ఖాతా తెరవండి, అని అడిగింది.

ఇన్‌స్టాల్ చేసే విధానం రాసిన పేజీలో ఈ చోట లావుపాటి అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. మొదట ఎవరు ఖాతా తెరిస్తే వాళ్ళే అడ్మిన్. మనుషుల్ని చేర్చేదీ తీసేదీ వాళ్ళే, ఎవరు రాసిన మాటనైనా చెరిపేయగలిగేదీ వాళ్ళే. కాబట్టి పెట్టినవాళ్ళే ముందు తెరుచుకోండి, ఇంకొకరికి వదలకండి, అని. చిన్నకోడలు అది చదివింది. చదివి, కీబోర్డు మీద వేళ్ళు కూడా పెట్టింది. అప్పుడు వెనక నుంచి భర్త మెల్లగా అన్నాడు.

"అన్నయ్యని పిలుస్తానుండు. ముందు తన చెయ్యి పడనీ."

"ఇది కుర్చీ కాదండీ. మొదట తెరిచినవాళ్ళకే పెత్తనం అంతా వెళ్తుంది."

"తనకి ఆ బటన్లన్నీ ఏం తెలుస్తాయి? రెండ్రోజులు మురిసిపోయి ఊరుకుంటాడు. ఇంత చిన్నదానికి మాటలెందుకు?"

ఇంత చిన్నదానికి! ఆ ఇంట్లో గొడవలన్నీ ఇంత చిన్నవాటిలాగే కనిపిస్తాయి, మింగేసేది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్ళే. చిన్నకోడలు లేచి కుర్చీ ఖాళీ చేసింది. పెద్దాయన వచ్చి, గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ భూమ్మీద ఆ సాఫ్ట్‌వేర్‌ని పెద్దరికం చూసి ఒకరికి అప్పగించింది ఈ ఇంటివాళ్ళే అయ్యుంటారు.

చాట్ మాత్రం అందరికీ అలవాటైపోయింది. వ్యాన్లకొక గది, ప్యాకింగ్‌కొక గది, ప్రెస్సులకొక గది. పెద్దకోడలు ఒక్కతే ఇంకా సుద్దముక్క జేబులో వేసుకు తిరుగుతుంటే చిన్నకోడలే ఆటపట్టించింది.

"ఇంకా పలకా బలపమేనా అక్కా? చాట్‌లో రాయి, పొద్దున వచ్చేవాళ్ళు గేటు దగ్గరే చూసుకుంటారు."

పెద్దకోడలు నవ్వి సుద్దముక్క సొరుగులో పడేసింది.

పెద్దాయన మురిసిపోయి ఊరుకోలేదు. చెరిపే బటన్ దొరికింది ఆయనకి. మొదట డ్రైవర్ల జోకులు పోయాయి. తర్వాత, జీతాల రోజు ఎప్పుడని ఎవరో అడిగిన ప్రశ్న పోయింది. మాయమైనప్పుడల్లా అందరూ చిన్నకోడలినే అడిగేవారు. "నీ ఊరికే వచ్చినది మాటలు మింగేస్తోందమ్మా," అని పెద్దాయన కూడా నవ్వేవాడు. అలా నవ్వగలగడం చూడండి! ఆమె పాపం నిజమేననుకుని సెట్టింగులన్నీ తిరగేసింది, కొత్త వెర్షన్ వేసింది, డిస్కు నిండిందేమోనని చూసింది. బావగారి వేలి మీద అనుమానం రావడానికి కూడా ఆ ఇంటి కోడలికి ధైర్యం ఉండాలి కదా.

ఒక సాయంత్రం పెద్దకోడలు ప్రెస్సుల గదిలో ఇలా రాసింది: "రెండో ప్రెస్సు ఎడమ బటన్ లోపలికి ఇరుక్కుపోయింది. మూత ఒక్క బటన్‌కే దిగిపోతోంది. మెకానిక్ రేపు మధ్యాహ్నం వస్తాడు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి." ఆ ప్రెస్సుకి రెండు పక్కలా రెండు బటన్లు ఉంటాయి. రెండూ కలిపి నొక్కితేనే కాలే మూత దిగాలి. అంటే మూత దిగేటప్పుడు మనిషి చేతులు రెండూ బటన్ల మీదే ఉంటాయి, దాని కింద ఉండవు. చిన్నకోడలు వంటింట్లో నిలబడి ఆ మాట చదివింది, చదివినట్టు బొటనవేలి గుర్తు కూడా పెట్టింది. చాట్ పెట్టింది ఇందుకే కదా అని లోలోపల కాస్త గర్వపడింది.

మర్నాడు పొద్దున పిన్ని రెండో ప్రెస్సు ముందు నిలబడింది. ఆమె ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. అక్కడ ఇస్త్రీ నేర్చుకున్న ప్రతివాళ్ళూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. గేటు దగ్గర ఫోన్ తెరిచి చూసుకునే వచ్చింది. ప్రెస్సుల గదిలో ఏమీ లేదు. మూత మీద ఇంటూ గుర్తూ లేదు. గలీబు పరిచి, ఎడమచేత్తో ముడత సవరిస్తూ కుడిచెయ్యి అలవాటుగా బటన్ మీద పెట్టింది. మూత దిగిపోయింది.

ఆ అరుపు డ్రమ్ముల హోరులో కూడా వినపడింది.

పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించి తెచ్చేసరికి అందరూ మెషిన్లు ఆపి లోపలి వరండాలో చేరారు. వేళ్ళు నిలుస్తాయి గానీ మునుపటిలా ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నాడట డాక్టరు. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రెస్సులు చూసేది నువ్వు," అన్నాడు భార్యతో, అందరూ వినేలా. "పాడైందని చెప్పాల్సింది నువ్వు."

"రాశానండీ. నిన్న సాయంత్రమే రాశాను."

"ఏదీ? చూపించు."

పెద్దకోడలు ఫోన్ తెరిచింది. వేలితో పైకీ కిందకీ జరిపింది. మిగతావాళ్ళూ తమ ఫోన్లు చూసుకున్నారు. ఎక్కడా లేదు. ఆమె పిన్నివైపు తిరిగింది.

"పంపడం మర్చిపోయానేమో..." అంది. "రాసి పంపలేదేమో. పిన్నీ, నా తప్పేనేమో పిన్నీ!"

ఆ మాట వినగానే చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మనిషి తన కళ్ళతో చూసి, తన చేత్తో రాసి, ఇప్పుడు తననే నమ్మడం మానేస్తోంది. పక్కనే ఆమె కట్టుకున్నవాడు గుంజలా నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆ ఒక్కటి చాలు.

"అక్క రాసింది," అంది చిన్నకోడలు. "నేను చదివాను. చదివి గుర్తు పెట్టాను."

"మరి ఏమైంది? నీ సర్వర్ మింగేసిందా?"

"సర్వర్ మింగదు బావగారూ. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చెరపాలంటే అడ్మిన్ వల్లే అవుతుంది. అడ్మిన్ ఒక్కరే ఉన్నారు. మొదటి ఖాతా మీది."

వరండాలో అందరి తలలూ ఒకేసారి ఆయనవైపు తిరిగాయి. భర్త "ఇప్పుడెందుకు..." అని ఏదో అనబోయాడు. ఆమె అతనివైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన నీళ్ళు నమల్లేదు, అదే ఇంకా మండించింది. "అవును, తీశాను," అన్నాడు. "నా లాండ్రీలో మెషిన్లు పాడైపోయాయని నా భార్యే డ్రైవర్లందరూ చూసేలా రాస్తే నా పరువేం కాను? వాళ్ళు వెళ్ళి హోటళ్ళవాళ్ళకి చెప్పరా? ఆ సంగతి ఇంటికొచ్చి నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ," అంది పెద్దకోడలు. గొంతు పెద్దది కాలేదు, కానీ ఈసారి ‘ఏమో’ అనలేదు. "నిన్న సాయంత్రం రాయకముందే, టీ ఇస్తూ చెప్పాను. మెకానిక్‌కి ఫోన్ చేసింది మీరే."

అంటే ఆయనకి తెలుసు. ప్రెస్సు పాడైందనీ తెలుసు, పొద్దున పిన్ని దాని ముందే నిలబడుతుందనీ తెలుసు. తెలిసే ఆ మాట చెరిపేసి, దుప్పటి కప్పుకుని హాయిగా పడుకున్నాడు.

"పొద్దున్నే వచ్చి నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు పెద్దాయన. "లేటయింది."

"మీకు లేటయింది బావగారూ. పిన్నికి చెయ్యి పోయింది. పరువు పరువు అంటున్నారు, ఆ కట్టు విప్పి చూడండి, మీ పరువు ఎంత బాగా ఉడికిందో!" చిన్నకోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి ఏడుపు కాదు. "నా తప్పూ ఉంది. ముందు తెరుచుకొమ్మని అంత లావు అక్షరాలతో రాసుంటే, మీరు నొచ్చుకుంటారని లేచి కుర్చీ ఇచ్చాను. సుద్దముక్క కూడా నేనే మాన్పించాను."

మెట్లెక్కి పైకి వెళ్ళింది. ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చి, అందరి మధ్యా మడత బల్ల మీద పెట్టి, ఉన్నదాన్ని తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసింది. కమాండ్లు ఒక్కొక్కటే కదులుతుంటే ఎవరూ పనిలోకి వెళ్ళలేదు. తెల్లటి పేజీ వచ్చింది. మొదటి ఖాతా తెరవండి.

నమ్ముతారో లేదో, పెద్దాయన గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకేశాడు. అలవాటు అలాంటిది. తమ్ముడు కుర్చీ ఆయనవైపు జరపబోయి, మధ్యలో ఆగి, పెళ్ళాం ముఖం చూసి, ఆ కుర్చీ తీసుకెళ్ళి దూరంగా గోడకి ఆనించాడు. అతని జన్మకి అదే పెద్ద తిరుగుబాటు.

చిన్నకోడలు ల్యాప్‌టాప్ ఎత్తి పిన్ని ఒళ్ళో పెట్టింది.

"నాకెందుకమ్మాయ్ ఇవన్నీ?" అంది పిన్ని.

"నీకే పిన్నీ. ఒక్క చెయ్యి చాలు."

పిన్ని కుడిచేతి చూపుడువేలితో ఖాతా తెరిచింది. తర్వాత చిన్నకోడలు చూపించిన చోట, రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెరపడానికి లేదన్న గడిలో గుర్తు పెట్టింది. ఒక్కొక్కరినీ చేర్చుకుంటూ వచ్చింది. డ్రైవర్లు, ప్యాకింగ్ వాళ్ళు, పెద్దకోడలు. అందరి తర్వాత పెద్దాయన. ప్రెస్సుల గది తెరిచి, ఏం రాయాలని ఎవరినీ అడక్కుండా రాసింది: "రెండో ప్రెస్సు పాడైంది. పెద్దకోడలు నిన్ననే చెప్పింది. నా చెయ్యి కాలింది."

అన్ని ఫోన్లూ ఒకేసారి మోగాయి. పెద్దకోడలు సొరుగు లాగి సుద్దముక్క తీసుకుని ప్రెస్సులవైపు నడిచింది.

పెద్దాయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ మాట మీద వేలు పెట్టి, అలవాటుగా నొక్కి పట్టుకున్నాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. కుర్చీలోంచి పిన్ని ఆయన వేలివైపే చూస్తోంది.

"చదువు బాబూ," అంది. "పైకి చదువు."