డీజిల్ బావిలో బ్లీచింగ్ పౌడర్

చౌటుప్పల్ దగ్గర హైవే మీది పెట్రోలు బంకులో భూమిలోపలి ట్యాంకు కారి, ఎస్తేరు వాళ్ల వాడ బావిలోకి డీజిల్ దిగింది. రెండేళ్లు ఆ నీళ్లు గిన్నెలు తోమడానికి కూడా పనికిరాలేదు. వాడలో డిగ్రీ చదివింది ఎస్తేరు ఒక్కతే. ఆమె పనిచేసే హైదరాబాదు ల్యాబు వాళ్లే బావి బాగుచేస్తామని వచ్చారు. సగ్గుబియ్యం గింజలంత జెల్ గోలీలు, వాటి లోపల డీజిల్ తిని బతికే బ్యాక్టీరియా. ఆ గోలీలను వలసంచుల్లో పోసి బావిలో వేలాడదీశారు. కాపలా సైదమ్మది. ఎవరూ నీళ్లలో ఏమీ వేయకుండా ఆ ముసలమ్మ పొద్దంతా గట్టు మీదే కూర్చునేది. నాలుగు నెలల్లో వాసన సగం తగ్గింది.

ఇంతలో ల్యాబు పెద్ద మేడం నిహారిక చూడ్డానికి వస్తోందని ఫోనొచ్చింది. మన ఊళ్లలో ఆఫీసరు వస్తున్నాడంటే ఏం చేస్తారు? మోరీల వెంట బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. అంత చదివిన ఎస్తేరుకూ అదే తోచింది. సైదమ్మ బువ్వ తినడానికి ఇంటికి పోయినప్పుడు గట్టు చుట్టూ చల్లింది. నీళ్ల మీద నాచు కనబడితే సిగ్గేసి, రెండు డబ్బాలు లోపల కూడా గుమ్మరించింది. పైపైనే కదా, లోపలి గోలీలకేం కాదులే అని తనకు తానే చెప్పుకుంది. అబద్ధమని తెలుసు.

మేడం వచ్చి, సంచి పైకి లాగి వాసన చూసి, నీళ్లు పరీక్షించింది.

"బ్లీచింగ్ వేశారు. బ్యాక్టీరియా అంతా చచ్చింది. ఎంత చెప్పినా వీళ్లకి అర్థం కాదు" అంటూ సైదమ్మ వైపు చూసింది.

"నేనెయ్యలేదమ్మా. నువ్వన్న చెప్పు బిడ్డా" అని పక్కనున్న ఎస్తేరు వైపు తిరిగింది సైదమ్మ.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఎస్తేరు చేతిలోని నీళ్ల నమూనా సీసాకు మూత బిగిస్తూ నిలబడింది.

"సరే, నా తప్పే అనుకోండ్రి. జర మల్ల గోలీలు ఎయ్యండ్రి, మా పిల్లలకు నీళ్లు గావాలె" అని ముసలమ్మ మేడంకు చేతులు జోడించింది.

అది చూసి ఎస్తేరు తట్టుకోలేకపోయింది.

"నేనే ఏసిన మేడం. మీరొస్తున్రని. మా వాడ గలీజుగ కనబడొద్దని."

ఆఫీసులో మాట్లాడదామని చెప్పి మేడం కారెక్కి వెళ్లిపోయింది. సైదమ్మకు కోపం రాలేదు. వస్తే బాగుండనిపించింది ఎస్తేరుకు.

"మన వాడ గలీజని నీకు ఎప్పటిసంది అనిపిస్తాంది బిడ్డా?" అని అడిగింది సైదమ్మ.