ఉజ్వల పేరున సెమఫోర్

ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు బాత్రూం ఒక్కటే, దాని తాళంచెవీ ఒక్కటే. ఆఫీసు గోడకు మేకుంటుంది, చెవి దానికి వేలాడుతుంటుంది. చెవి ఉంటే తీసుకుని వెళ్లాలి, లేకపోతే నిలబడాలి, వచ్చాక మళ్లీ తగిలించాలి. సెమఫోర్ పాఠాన్ని విజయేందర్ సార్ ఈ తాళంచెవితోనే మొదలుపెడతాడు. ఒకే ఫైలు మీద రెండు ప్రోగ్రాములు ఒకేసారి పడి రాస్తే అంతా కంగాళీ అవుతుంది గనక, వాటి మధ్య ఒక అంకె పెడతారు. అంకె ఒకటైతే దాన్ని సున్నా చేసి లోపలికి పోవాలి. సున్నా అయితే ఆగాలి. పని అయ్యాక మళ్లీ ఒకటి చేసి బయటికి రావాలి. ఆ అంకెకొక పేరు పెడితే, పేరును బట్టి ఏ ప్రోగ్రామైనా వచ్చి దాన్ని తెరుస్తుంది. పాఠం బాగానే చెబుతాడు. మనిషే మంచివాడు కాదు.

ల్యాబ్‌లో అందరికీ కలిపి సర్వర్ ఒక్కటే. పేర్లు కలగాపులగం కాకుండా సార్ ఒక పద్ధతి పెట్టాడు. సెమఫోర్‌కు ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవాలి. రశ్మి చేస్తే రశ్మి, సిద్ధార్థ్ చేస్తే సిద్ధార్థ్. వేరే పేరు కనిపించిందా, కాపీ కొట్టినట్టే లెక్క. ఆ సర్వర్‌ను ఆయన ఎన్నడూ ఆపడు. దసరాకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టినప్పుడు కూడా అది నడుస్తూనే ఉంటుంది. అదొక గొప్ప ఆయనకు.

ఉజ్వల తండ్రి నాంపల్లి కోర్టుల బయట చిన్న బల్ల వేసుకుని అఫిడవిట్లు టైపు చేస్తాడు. పిల్లకు ఆయన వేళ్ల వేగం వచ్చింది, నోటికి మాత్రం అడ్డూఆపూ లేదు. ఒకరోజు సార్, ప్రోగ్రామును ఎన్నిసార్లు మొదలుపెడితే అన్నిసార్లు అంకె కొత్తగా ఒకటి అవుతుందని చెబుతుంటే చెయ్యెత్తింది.

"కాదు సార్. గా పేరుతోని ముందే ఒకటి ఉంటే, మనమిచ్చిన అంకెను అది పట్టించుకోదు. ఉన్నదాన్నే తెరుస్తది."

సార్ అక్కడికక్కడే కొట్టి చూశాడు. ఆమె చెప్పిందే నిజమైంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ కూడా నవ్వాడు.

"నీ పేరేంది?"

"ఉజ్వల, సార్."

"మంచిది. కూర్చో."

ఆ "మంచిది"లో మంచి ఏమీ లేదని గదిలో అందరికీ అర్థమైంది, ఒక్క ఉజ్వలకు తప్ప. చదువులో ఇంత చురుకైనవాళ్లు మనుషుల దగ్గరికొచ్చేసరికి ఇంత అమాయకంగా ఎందుకుంటారో, తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొన్ని వారాలకు ఖైరతాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు ఆ ల్యాబ్‌కే వచ్చి పరీక్ష పెట్టారు. ఉద్యోగం ఒక్కటే. అది రాకపోతే ఉజ్వల ఉస్మాన్‌గంజ్‌లో మేనమామ రామచందర్ మిర్చి దుకాణంలో బిల్లులు కొట్టడానికి కూర్చోవాలి. ఇంట్లో మాట అయిపోయింది. ఆ దుకాణం గడప తొక్కితే చాలు, ఆమెకు దగ్గు పట్టుకుంటుంది, ఊపిరి అందదు. మామకు అది చెబితే "అలవాటైతది తియ్యి" అన్నాడు.

రెండు ప్రోగ్రాములు వంతులవారీగా ఒకే ఫైలులో రాయాలి. అదీ పరీక్ష. ఉజ్వల అందరికన్నా ముందు ముగించి, ఒకసారి నడిపి చూసుకుంది. పని కాగానే తన సెమఫోర్‌ను తుడిచేసే లైను కూడా చివర్న రాసింది. కిరాయి ఇల్లు ఊడ్చి అప్పజెప్పే రకం మనిషి. చెయ్యెత్తింది.

"అయిందా? కంపెనీ మేడంను పిలిచే ముందు నేనొకసారి చూస్త," అని సార్ తన కుర్చీలోకి వెళ్లి, ఆమె ప్రోగ్రామును తన లాగిన్‌లో నడిపాడు. ఆయన లాగిన్ పేరు రూట్. ఆ సర్వర్‌లో రూట్ మాటకు ఎదురులేదు. ప్రోగ్రాం ఉజ్వల అనే సెమఫోర్‌ను తయారుచేసి, అంకెను సున్నా చేసి లోపలికి వెళ్లింది. అది బయటికి రాకముందే సార్ దాన్ని చంపేశాడు. తుడిచే లైను దాకా అది రానేలేదు. ఆమె పేరున్న సెమఫోర్ రూట్ సొత్తుగా, ఇంకెవరూ తెరవడానికి వీల్లేకుండా అక్కడే ఉండిపోయింది.

"మంచిగుంది. పిలువు," అన్నాడు.

కంపెనీ తరఫున వచ్చిన స్నేహలత మేడం మనుషుల్ని ఎంచుకుంటుంది గానీ ప్రోగ్రాములు ఆమెకు తెలియవు. "చూపించమ్మా," అంది. ఉజ్వల నడిపింది. పర్మిషన్ లేదని తెర మీద పడింది. మళ్లీ నడిపింది. మళ్లీ అదే. గబగబా సెమఫోర్ల జాబితా తెరిచి చూసింది. 

"మేడం, ఇది నేను చేసింది గాదు. సార్ తన లాగిన్‌ల నడిపిన్రు. నా పేరు పక్కన చూడున్రి, రూట్ అని ఉంది."

"రూట్ అంటే ఎవరండీ?" మేడం సార్‌ను అడిగింది.

"మెషిన్, మేడం. గీడ అన్నీ రూట్‌వే."

"సార్, ఒక్క లైన్ కొడ్తే పోతది సార్. నాతోని కాదు, మీరే తీసెయ్యాలె."

"నీ పేరు. నువ్వే చూసుకో."

ఉజ్వల గోడ గడియారం వైపు చూసి, సెమఫోర్ పేరు చివర ఒక అంకె చేర్చి నడిపింది. ఒకదాని తర్వాత ఒకటి, తప్పిపోకుండా, రెండు ప్రోగ్రాములూ వంతులేసుకుని రాయసాగాయి. "భలే నడుస్తోందే," అంది మేడం.

సార్ వంగి తెరమీద వేలు పెట్టాడు. "పేరు చూసిన్రా మేడం? మార్చింది. మా ల్యాబ్‌ల పేరు మారిస్తే కాపీ కింద లెక్క. పిల్లలందరికీ ఎరుకే. ఏం రశ్మీ?"

రశ్మి రోజూ ఉజ్వల టిఫిన్ డబ్బాలో సగం తినే పిల్ల. కీబోర్డు మీద నుంచి తల ఎత్తలేదు. "ఔ సార్," అంది.

"సారీ అమ్మా," అంది మేడం. ఉద్యోగం సిద్ధార్థ్‌కు వచ్చింది.

"నేనేం జేసిన సార్ మీకు?" అని అడిగింది ఉజ్వల, బ్యాగు సర్దుకుంటూ. 

"నాకేం ఎరుక? నువ్వు తెలివిగల్లదానివి గదా, నువ్వే చెప్పు."

ఉజ్వల ఇప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాల మధ్య, ముక్కుకు చున్నీ బిగించి కట్టుకుని బిల్లులు కొడుతోంది. ప్రింటర్ పక్కన ఇన్‌హేలర్ పెట్టుకుంటుంది. అలవాటు కాలేదు.

ఆబిడ్స్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. సర్వర్ ఆగలేదు గనక ఆ సెమఫోర్ కూడా అట్లాగే ఉంది. సార్ జాబితాను గోడ మీద పెద్దగా వేసి చూపించాడు.

"చూడున్రి. ఉజ్వల అని ఒక పిల్ల ఉండె. కాపీ కొట్టి దొరికింది. పోతూ పోతూ తన చెత్త గీడనే పడేసి పోయింది. మీరు గిట్లా చెయ్యొద్దు."

అందరూ నవ్వారు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె ఆ వరుసను చివరిదాకా చదువుతోంది.

"సార్, దాని పక్కన రూట్ అని ఉందండి. అంటే అది ఆ అమ్మాయిది కాదు కదండీ? మీ లాగిన్‌లో చేసిందే కదా?"

నవ్వులు ఆగిపోయాయి. సార్ ఆమె వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

"నీ పేరేంది?"

"లహరి, సార్," అంది ఆ పిల్ల హుషారుగా.

"మంచిది. కూర్చో."