అత్తయ్య చెయ్యెత్తింది

"మా కోడలు వాడికి సాయంగా ఉంటుంది" అనేది అత్త, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ. కొడుకూ కోడలూ ఇద్దరూ పళ్ళ డాక్టర్లే, ఒకటే ఆసుపత్రి. బోర్డు మీద మాత్రం కొడుకు పేరు. పొద్దున్నే అందరికీ బాక్సులు కట్టి, ఇంటికి తాళం వేసి, ఆఖరున పరుగెత్తుకుంటూ వచ్చే మనిషిని సాయం అనక ఇంకేమంటారని ఆవిడ అనుకునేది.

ఒకరోజు అత్తకి పైపన్ను నల్లబడింది. నొప్పి లేదు. కొడుకు ఎక్స్‌రే ఇలా చూసి, "చీముగడ్డమ్మా, పీకేస్తే పోతుంది. ఈ వయసులో దాంతో ఏం పని?" అన్నాడు. కోడలు అంతటితో వదల్లేదు. మంచులా చల్లబరిచిన దూది ఒక్కో పంటికీ ఆనిస్తూ, "చల్లగా తగలగానే చెయ్యెత్తండి అత్తయ్యా" అంది. పక్క పళ్ళకి చెయ్యి లేచింది. ఆ పంటికి లేవలేదు.

"ఇది లోపల ఎప్పుడో చచ్చిపోయింది. వేరు కొసన తిత్తి కట్టి, చప్పుడు లేకుండా ఎముకని తినేస్తోంది. తిత్తి తీస్తాను, పన్ను ఉంచుతాను" అంది.

ముందు వేరు లోపల శుభ్రం చేసి మూసింది. తర్వాతి వారం మత్తిచ్చి, చిగురు కోసి, గుడ్డు పెంకు లోపలి పొర ఒలిచినట్టు తిత్తిని చిరగనివ్వకుండా తీసింది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడకుండా ఉండడం అత్తకి అదే మొదలు. చూడడం తప్ప పని లేదు కాబట్టి ఆ చేతుల్నే చూసింది. ఎక్కడా తడబడవు, తొందరపడవు. మధ్యలో కొడుకు తలుపు దగ్గర నిలబడి, "సాయంత్రం భోజనానికి నలుగురొస్తున్నారు, గుర్తుందా?" అన్నాడు. "ఉంది" అంది కోడలు, చూపు తిప్పకుండా. పాలు పొంగిపోయిన రోజున ఈ చేతుల్నే పనికిమాలిన చేతులని తనన్న మాట అత్తకి గుర్తొచ్చింది. మింగేద్దామంటే నోరు తెరిచే ఉంది.

కుట్లు విప్పే రోజుకి ల్యాబు రిపోర్టు వచ్చింది. తిత్తే. పక్క బల్ల దగ్గర కొడుకు బీమా కోసం వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు.

"జబ్బు దగ్గర చీముగడ్డ కోడ్ కాదండీ, వేరు తిత్తి కోడ్ పెట్టండి. రెండూ ఒకటి కాదు" అంది కోడలు, కుట్టు కత్తిరిస్తూ.

"సరే, మార్చాను. డాక్టరు... నేను" అని గొణుక్కుంటూ టైపు చేశాడు.

అత్త చెయ్యెత్తింది.

కోడలు గబుక్కున కత్తెర బయటికి తీసింది. "నొప్పా అత్తయ్యా?"

"నొప్పి కాదే. ఒరేయ్, డాక్టరు దగ్గర ఎవరి పేరు పెట్టావు?"

"ఎప్పుడూ నాదేగా అమ్మా. ఒకే ఇల్లు, ఎవరిదైతే ఏముంది?"

"ఏమీ లేదుగా. అయితే దానిదే పెట్టు."

కొడుకు తన పేరు చెరిపి భార్య పేరు కొట్టాడు. కింది గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"నీ డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరెంత?"

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. కోడలు చివరి కుట్టు మీంచి చూపు తీయకుండానే, రోజూ లోపల్లోపల చెప్పుకునే మనిషిలా, ఒక్క అంకె తడుముకోకుండా చెప్పింది.