ముసల్లం బండి జాడ

ఎడారి అంచునున్న బిదియ్యా ఊరు దాటి తారురోడ్డు అయిపోయిన చోట ముసల్లం పికప్ ఆపి, ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తీయడానికి దిగాడు. ఇసుకలోకి పోయే ముందు ఆ పని ఇంకొకరిని చేయనివ్వడు. మీటరు పెట్టి చూసుకునేవాళ్ళంటే అతనికి చులకన. బుస్సుమని గాలి పోతుంటే చెవి ఒగ్గి వింటాడు, బొటనవేలితో టైరు నొక్కుతాడు, "చాలు" అంటాడు. అంతే లెక్క. ఈసారి మాత్రం కిందపడిన మూత కోసం చేత్తో తడుముకోవలసి వచ్చింది. అది అతని కాలి పక్కనే ఉంది. కూతురు షంసా చూసింది. చూసి, చూడనట్టు అటు తిరిగి, అప్పటికే రెండుసార్లు సర్దిన సామాన్లు మూడోసారి సర్దింది.

విషయం ఏమిటంటే, ముసల్లానికి రెండు కళ్ళలోనూ నీటికాసులు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు చీకటి. ఇక బండి నడపవద్దని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ఆ మాట తండ్రితో అనే ధైర్యం కొడుకులిద్దరికీ లేదు. వారం కిందట బండికి కొత్త టైర్లు వేయించారు గానీ, నోరు పెగల్లేదు మహానుభావులకు. చివరికి అక్క మీదకు నెట్టారు: "ఎలాగూ చలికాలం నాన్నతో ఎడారికి పోతావుగా. తిరిగొచ్చేటప్పుడు తాళంచెవి నీ చేతిలో ఉండాలి." వాళ్ళు ఫోనులో మాట్లాడుకుంటుంటే ముసల్లం గోడవతల నుంచి అంతా విన్నాడు. కళ్ళకు రోగమొచ్చింది గానీ చెవులకేం?

ముప్పై ఏళ్ళు పోలీసుల కోసం జాడలు తీసిన మనిషి అతను. అడుగు చూసి నడిచినవాడు కుంటివాడో, భయపడ్డవాడో చెప్పేవాడు. ఒంటె గిట్ట చూసి అది ఎవరిదో, చూలుతో ఉందో లేదో చెప్పేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని నీకు దారి కనబడదు అంటే ఒళ్ళు మండదూ? అందుకే అతనూ ఒకటి అనుకున్నాడు. ప్రతి ఏడూ గుడారం వేసే జమ్మిచెట్ల దగ్గరికి ఒక్క పొరపాటు లేకుండా బండి తీసుకుపోతాడు. ఆ తర్వాత తాళం ఎవరడుగుతారో చూస్తాడు.

బండి ముందుభాగంలో ఒకటే పొడుగు సీటు. స్టీరింగు దగ్గర ముసల్లం, అటు చివర షంసా, మధ్యలో రీమ్. రీమ్ సలూకీ, కుందేళ్ళను తరిమి పట్టే సన్నటి వేటజాతి. దాన్ని కుక్క అన్నారంటే ముసల్లంతో పేచీ పెట్టుకున్నట్టే. కుక్క అంటే సంతలో బొమికల కోసం కొట్టుకునేది, సలూకీ అంటే గుడారంలో మనిషి పక్కన పడుకునేది. పోయినేడు ఒక చుట్టం, "ఈ కుక్కని బయట కట్టెయ్యకూడదా" అన్నాడు. ముసల్లం కాఫీ పోస్తూనే ఉన్నాడు, మాట మాత్రం ఆపేశాడు. ఆ చుట్టం మళ్ళీ రాలేదు.

ఇసుకలోకి దిగగానే ముసల్లం ప్రాణం లేచొచ్చింది. ఆ బండికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఎన్ని చలికాలాలు వచ్చారు ఈ దారిన! వెనక బొంతల కింద ముగ్గురు పిల్లలు, అరుపులు, పాటలు. పైకప్పు మీద కాళ్ళు తన్నిపెట్టి రీమ్ అమ్మమ్మ. పక్కన భార్య జువైనా. మూడేళ్ళయింది ఆమె పోయి. పిండి, ఖర్జూరాలు, ఎండు సొరచేప, కాఫీ కూజా అన్నీ ఆమె మూటకడితేనే మూట. నిప్పుల కింద రొట్టె కాల్చి, బూడిద అరచేత్తో దులిపి, మొదటి ముక్క అతనికిచ్చేది. ఆ రొట్టె రుచి మళ్ళీ ఎవరి చేతా రాలేదు. ఆ మాట షంసా ముందే అనేస్తాడు, షంసా కూడా అవుననేస్తుంది.

ఇసుక దిబ్బలకు పేర్లు పెట్టింది కూడా జువైనాయే. పొట్ట ముందుకేసుకుని కూర్చున్నది లావుపిన్ని. ఒంటరిగా నిలబడ్డది పన్ను. లావుపిన్నిని కుడివైపు, పన్నును ఎడమవైపు ఉంచుకుని పోతే జమ్మిచెట్లు వచ్చేస్తాయి. ఇంతకన్నా సులువైన దారి లోకంలో లేదు. కాకపోతే కుడీ ఎడమా కనిపించాలి.

"కుడివైపు చూడమ్మా, లావుపిన్ని ఏమైనా చిక్కిందా?" అన్నాడు, ఊరికే అన్నట్టు.

"దాటేశామనుకుంటా నాన్నా."

"అనుకోవడమేంటే? సొంత పిన్నిని గుర్తుపట్టలేవా?"

"నేను బొంత కింద ఉండేదాన్నిగా! పిన్నిని చూసింది మీరిద్దరే."

ముసల్లం నవ్వి, తనకు తోచినవైపు తిప్పాడు. మధ్యాహ్నం ఒకచోట ఆగి నమాజు చేసుకున్నారు, కాఫీ తాగారు. రీమ్ కాసేపు పరుగులు తీసింది. మళ్ళీ బయలుదేరి గంటకు పైగా పోయారు. జమ్మిచెట్లు రాలేదు. ఎదురుగా ఒక బండి జాడ కనిపించింది.

ముసల్లం బండి ఆపి దిగి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నదైతే అతనికి ఇప్పటికీ పుస్తకమే.

"ఇవాళ పోయిన బండే. అంచులింకా విరగలేదు. కొత్త టైర్లు, మనవాళ్ళెవరివీ కావు. పట్నం వాడై ఉంటాడు."

షంసాకు టైర్ల గీతలు తెలియవు గానీ, అవతల విరిగిపడ్డ పొద తెలుసు. మధ్యాహ్నం కాఫీ దగ్గర ఆ పొదకే ఆమె కొంగు చిక్కుకుంది.

"చూడు, వీడి అవతారం!" ముసల్లానికి హుషారొచ్చింది. "నేరుగా పోయేచోట ఈ మెలికలేంటి? అంత పొద కుడిపక్కనుంటే దాని మీదికే ఎక్కించాడు. నిద్రపోయాడా, కళ్ళు లేవా? వీణ్ణనడం కాదు, వీడి చేతికి బండిచ్చినవాళ్ళననాలి!"

"పద నాన్నా, పొద్దుపోతోంది."

"ఉండవే. ఇక్కడ ఆగారు వీళ్ళు." నాలుగడుగులు ముందుకు జరిగి, మళ్ళీ వంగాడు. "ఆడమనిషి దిగింది. కాఫీ తాగడానికి దిగినదానికి ఇన్నిసార్లు అటూ ఇటూ తిరగడమేంటి? ఒకసారి మగాడి దగ్గరిదాకా వచ్చింది, నిలబడింది, వెనక్కి పోయింది. ఏదో చెప్పాలని ఉంది దీనికి. నోరు రావట్లేదు."

షంసా మొహం పక్కకు తిప్పుకుంది.

ముసల్లం ఇంకొంచెం జరిగాడు. సన్నగా, పొడుగ్గా సలూకీ అడుగులు. ఎడమ ముందుకాలికి మూడే వేళ్ళు. రీమ్ పిల్లగా ఉన్నప్పుడు ఈ బండి తలుపే పడి ఆ వేలు పోయింది. తలుపు వేసింది అతనే. ఆ రాత్రంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రీమ్ వచ్చి తన అడుగునే వాసన చూసి, తోక ఊపింది.

ముసల్లం ఆ అడుగు మీద పెట్టిన చెయ్యి తీయలేదు. షంసాయే వచ్చి పక్కన కూర్చుంది.

"సలూకీలకేం తక్కువ నాన్నా ఇక్కడ? వేలు లేనిది ఇంకోటుండొచ్చుగా," అంది.

"ముప్పై ఏళ్ళు దొంగలతో మాట్లాడానే. నీకంటే బాగా చెప్పేవాళ్ళు అబద్ధాలు."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. కూతురి ముందు ఏడవడం అతనికిది రెండోసారి, మొదటిది జువైనాను మట్టిలో పెట్టిన రోజు. సిగ్గుపడలేదు. తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుని, లేచి, జేబులోంచి తాళంచెవి తీశాడు.

"ఇదిగో. నువ్వడిగావని తమ్ముళ్ళతో చెప్పకు. నేనిచ్చానని చెప్పు."

"నేనడగలేదు నాన్నా."

"అడగలేదు. రాసి పెట్టావుగా ఇసుకలో," అని అటువైపు తలుపు తీసుకుని ఎక్కాడు.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ వైపు అతను కూర్చోవడం అదే మొదలు. రీమ్ మధ్యలో సర్దుకుని అతని ఒళ్ళో తలపెట్టింది. షంసా బడికి చిన్న కారులో పోయే పంతులమ్మ, ఇసుకలో నడపడం ఆమెకు కొత్త. బండి రెండుసార్లు ఆగిపోయింది.

"కంగారుపడకు. ఎత్తు మీద బ్రేకు తొక్కకు, మధ్యలో ఆలోచించకు. ఆ ఎదురు దిబ్బ ఎక్కేయ్, పైనుంచి పన్ను కనిపిస్తుంది."

షంసా పళ్ళు బిగించి యాక్సిలరేటర్ తొక్కింది. బండి ఆకాశంలోకి లేచినట్టయింది. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ముసల్లం చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఎదురుగా, ఆ వైపు కూర్చున్నవాళ్ళు పట్టుకునే ఇనప కడ్డీ ఒకటుంది. దాని మీది నల్ల రబ్బరు నాలుగు వేళ్ళ మేర అరిగిపోయి లోపలి ఇనుము తేలింది. మిగతా రబ్బరంతా కొత్తదానిలాగే ఉంది.

అతను దాన్ని కళ్ళకు దగ్గరగా వంగి చూశాడు. ఊరందరి జాడలూ చదివిన మనిషి, తన పక్కనే ఉన్న దీన్ని ఒక్కసారీ చూసుకోలేదు.

"షంసా, నేను బండి నడుపుతుంటే అమ్మకి భయమేసేదా?"

షంసా రోడ్డు లేని ఆ ఎత్తు మీద నుంచి చూపు తిప్పలేదు. "చచ్చేంత భయం నాన్నా. దిబ్బ ఎక్కిన ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసుకునేది. మేం బొంతలోంచి తలెత్తి, అద్దంలో చూసి నవ్వుకునేవాళ్ళం."

"అన్నేళ్ళలో నాతో ఒక్క మాటనలేదే!"

"మా చేత కూడా ఒట్టు పెట్టించుకుంది. తెలిస్తే మీ నాన్న నన్ను ఇంట్లో వదిలేసి పోతాడే, అనేది."

ముసల్లం ఆ అరిగిన చోట తన నాలుగు వేళ్ళూ పెట్టి పట్టుకున్నాడు. దిబ్బ ఎక్కి, దిగి, జమ్మిచెట్ల కింద బండి ఆగేదాకా వదల్లేదు.