పై మెట్టు

తార్నాకలో యూనివర్సిటీ గోడను ఆనుకుని ఉన్న ఆ మానసిక వైద్యశాల ఆవరణలో నిజాం కాలం నాటి రాతి రంగస్థలం ఒకటుంది. కింద బండల వేదిక, చుట్టూ అర్ధచంద్రాకారంలో మెట్లు. ఒకప్పుడు విద్యార్థులు నాటకాలాడేవారట. కట్టినవాడెవడో గొప్ప పనిమంతుడు, కింద మెల్లగా మాట్లాడినా పై మెట్టు మీద స్పష్టంగా వినిపిస్తుంది. ఈ సంగతి ఆడవాళ్ల వార్డులో అందరికీ తెలుసు. డాక్టర్లు వేదిక మీద పచార్లు చేస్తూ ఫోన్లు మాట్లాడుతుంటే, వీళ్లు పైన జుట్టు ఆరబెట్టుకుంటూ వాళ్ల ఇంటి గొడవలన్నీ వినేవారు. పిచ్చివాళ్లకు ఆ మాత్రం కాలక్షేపం ఉండొద్దా?

ఆ రోజు వనజ కాలక్షేపానికి రాలేదు. ఆమెకు నయమైంది. ఇంటివాళ్లెవరైనా సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చని డాక్టరమ్మ కబురు చేస్తే, వారాసిగూడ నుంచి అన్న బాలరాజు వచ్చాడు. రెండు చీరలు, దువ్వెన, అన్న కూతురి కోసం తనే అల్లిన ఊలు టోపీ సంచిలో సర్దుకుని, పట్టరాని సంతోషంతో బయల్దేరింది. ఆఫీసు గది దాకా వెళ్లకుండానే రంగస్థలం దగ్గర అన్న ఆగాడు.

"నువ్వు గా పైన నీడకు కూసో చెల్లె. వదినకు ఫోన్ చేసొస్త."

వెళ్లి పై మెట్టు మీద కూర్చుంది. బాలరాజు వేదిక మధ్యకు నడిచి, ఆమెకు వీపు తిప్పి, గొంతు తగ్గించాడు.

"నయమైందంటనే, తీస్కపొమ్మంటున్నరు... లే, తోల్కరాను. ఇంకో నెల ఉండమన్నరని చెప్త. గాలోపల నల్లకుంటల ఇల్లు చూస్కుందం. ఫోన్ నంబర్ గూడ మారుస్త. ఇగ మనల్ని యాడ వెతుకుతరు?"

వనజకు గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే నర్సులు పరుగెత్తుకొస్తారు, ఇంకా తగ్గలేదని రాసుకుంటారు. ఇక్కడ ఏడుపుకు కూడా మందు వేస్తారు.

బాలరాజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "డాక్టరమ్మ ఇంకో నెల ఉండమంటున్నది చెల్లె. వచ్చే నెల పక్కా తీస్కపోత."

వనజ సంచిలోంచి టోపీ తీసి అతని చేతిలో పెట్టింది. "పూర్ణిమకియ్యన్నా."

గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని అతను దిగసాగాడు.

"అన్నా," అంది వనజ. "నల్లకుంటల ఇల్లు దొరికినంక, సామాన్లు సర్దేటప్పుడు అమ్మ ఫోటో మర్చిపోకు."

బాలరాజు సగం మెట్ల మీద ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. టోపీ చేత్తో పట్టుకుని, మళ్లీ దిగడం మొదలుపెట్టాడు.